ఊరి విద్వాంసులకు ఊరు చేయు మర్యాద

మన చిన్న పట్టణములలో ఇటీవల నొక మంచి వేడుక బయలుదేరినది. నిన్నమొన్నటి వరకు నాలుగు దారులు కలియు చోట నెల్ల రాజకీయ నాయకులే చేయి చాచి నిలిచియుండెడివారు. ఇప్పు డచ్చటచ్చట గాయకునకో వాద్యకారునకో విగ్రహ మెత్తింత మను మాట వినవచ్చుచున్నది. చందా పుస్తకములు తిరుగుచున్నవి. మునిసిపాలిటీలలో తీర్మానములు సాగుచున్నవి. ఇది విని సంతోషింపని వాడు సంగీతద్వేషియే. మే మందఱి కంటె ముందుగా సంతోషించితిమి. ఐనను సంతోషించి యూరకుండుటకు వీలు లేకున్నది. ఈ గౌరవము జరుగుచున్న తీరు చూడగా, గౌరవించువారు తమ్ము తామే గౌరవించుకొనుచున్నారనియు, గాయకుడు వారికి నెపము మాత్రమే యనియు మాకు తోచుచున్నది. విగ్రహము లసలే వలదని మేము చెప్పుట లేదు. ఇట్టివి వలదని చెప్పుచున్నాము. ఈ రెంటికిని గల భేదమును చదువరులు మనసున నుంచుకొందురు గాక.

ముందుగా ఆ తీరెట్టిదో చూతము. ఒక సంఘ మేర్పడును. సంఘాధ్యక్షుడు సంగీతము వినువాడై యుండవలెనను నియమము లేదు. సిమెంటు బొమ్మలు పోయువాని యొద్దకు పోయి, "ఫలానావారి ఫోటో యిది, ఛాతి వరకు చేయుము" అని చెప్పుదురు. అతడు నిన్న నొక శాసనసభ్యుని, మొన్న నొక దాతను పోసిన అచ్చులోనే నేడు గాయకుని పోసి, మెడలో శాలువ యొకటి వేసి, బంగారు రంగు పూసి పంపును. ఆవిష్కరణమునకు రావలసిన పెద్దమనిషికి తీరిక దొరకు వరకు ఆ విగ్రహము మూడు నెలలు గోనెగుడ్డ కప్పుకొని నిలిచియుండును. తుద కాయన వచ్చును. ఫ్లెక్సీలలో ఆయన ముఖము గజము, గాయకుని ముఖము జానెడు. లౌడుస్పీకరులో ఏదో సినిమా పాట. వేదిక మీద నాలు గుపన్యాసములు. పాడుటకు వచ్చిన యూరి గాయకునకు, సమయము లేదు గనుక రెండు నిమిషములలో ముగింపవలసినదని చీటి వచ్చును. ఇక క్రింది పలకను చదువుడు. ఆవిష్కరించినవారి పేరు, సభాధ్యక్షుని పేరు, చందాదారుల పేర్లు, వారి వారి మొత్తములు. గాయకుని పేరు పైన పెద్ద అక్షరములతో నుండును, నిజమే. కాని ఆయన ఎవరి యొద్ద నేర్చెను, ఏమి పాడెను, ఎవరికి నేర్పెను అను మూడు ప్రశ్నలలో ఒక్కదానికిని ఆ పలక జవాబు చెప్పదు. మఱుసటి యేడు జయంతినాడు దండ వేయుదురు. దండ యెండి తాడు మిగులును. ఆ తాడు మీద కాకి వాలును. ఆ దారిన బడికి పోవు పిల్లల నడిగి చూడుడు: "ఎవరోనండీ, పాటలాయన" అందురు. పిల్లల తప్పేమున్నది? ఊరు వారికి చెప్పిన దంతే గదా!

ఈ సందర్భమున మా కొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1845వ సంవత్సరమున జర్మనీ దేశమందలి బాన్ పట్టణమువారు తమ యూర పుట్టిన బేతోవెన్ మహావిద్వాంసునకు కంచు విగ్రహ మెత్తించిరి. చందాలు చాలక ఆ పని యాగిపోవు స్థితిలో నుండగా, లిస్ట్ అను పియానో విద్వాంసుడు తన సొంత సొమ్ము పెట్టి దానిని నిలువబెట్టెను. ఆవిష్కరణము నాడు ప్రష్యారాజును, ఇంగ్లండు రాణి విక్టోరియాయును ఒక మేడ వసారాలో ఆసీనులై యుండిరి. తెర తీయగా బేతోవెనుని వీపు వారి వైపున నుండెను! దిక్కు చూడక నిలిపినవారి పొరపాటే కావచ్చును. మాకు మాత్రము ఆ పొరపాటు ముచ్చటగానే యున్నది. ఐతే మేము దీనిని తలచుటకు కారణము వీపు కాదు. వచ్చిన జనులు కూర్చుండి బేతోవెనుని సంగీతమును వినుటకు తగిన శాల ఆ యూర లేదని లిస్ట్ పట్టుపట్టి, కొలది దినములలోనే కొయ్యతో నొక శాల కట్టించెను. విగ్రహ మెత్తించువారు వినుటకు చోటు కూడ నేర్పఱచవలెనని ఆయన యెఱుగును, ఏలయన ఆయన వాయించువాడు. మన సంఘములలో వాయించువా డొక్కడైన నున్నాడా?

ఇక మన దేశమునకు వత్తము. ఉత్తరాంధ్రమున విజయనగరము, బొబ్బిలి, సాలూరు అను మూడూళ్లు ఒకదానికొకటి చేరువలో నున్నవి. మొదటిది నేడు పెద్ద పట్టణమైనది. తక్కిన రెండును చిన్నవే. ఈ మూడూళ్ల నడుమ నున్న నేలలో పండినంత సంగీతము తెలుగునాట మఱి యెచ్చటనైన పండినదా యని మాకు సందేహము. విజయనగరమున 1919లో మహారాజావారు సంగీత కళాశాల నెలకొల్పిరి. దానికి తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడని పేర్వడిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). ఆయన పుట్టిన అజ్జాడ బొబ్బిలికి చేరువ పల్లె. ఆయన తరువాత 1936లో ఆ పీఠ మెక్కినవాడు ద్వారం వేంకటస్వామి నాయుడు (1893–1964). చూపు మందగించినను, ప్రక్కవాద్యముగా నున్న ఫిడేలును సభ నడుమ నొంటిగా కూర్చుండబెట్టి, జనులచేత గంటలకొలది వినిపించుకొన్న ఘనుడు.

ఇట్టి యిరువురికి మన బొమ్మలు పోయువాడు ఏమి చేయునో ఊహింపుడు. నారాయణదాసు కాళ్లకు గజ్జెలు గట్టి, చేత చిడతలు పట్టి, నిలువెత్తున నిలిచి, ఆడుచు పాడుచు కథ చెప్పినవాడు. ఆయన కథలో సగము కాళ్లలో నున్నది. అట్టివానికి ఛాతి వరకే విగ్రహ మెత్తించుట యనగా, గజ్జెలు కట్టిన కాళ్లను నఱికి మర్యాద చేయుటయే గదా! ఫిడేలు మాట వినుడు. పాశ్చాత్యుడు నిలిచి, దవడ క్రింద దానిని నొక్కిపట్టి వాయించును. మన విద్వాంసుడు బాసిపట్టు వేసి కూర్చుండి, ఫిడేలు తలను కుడికాలి మడమ చెంత నానించి, రెండవ కొనను రొమ్మునకును భుజమునకును నడుమ నిలిపి వాయించును. ఆ విధముగా కుదురుకొన్నందు వలననే ఎడమచేయి తంత్రి మీద విచ్చలవిడిగా జాఱి గమకమును పలికింపగలుగుచున్నది. ఇది యెఱుగని శిల్పి ఏదో విదేశపు బొమ్మను చూచి ఫిడేలును దవడ క్రింద నుంచెనా, ఆ విగ్రహము ద్వారంవారిది కానేరదు, ఎవరో దొరది. సంగీతజ్ఞునికి ముఖము కంటె కూర్చుండిన తీరు ముఖ్యము. ముఖము పోలక పోయినను పోవచ్చును గాని చేయి తప్పరాదు.

సాలూరు మాటకు వత్తము. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) విగ్రహములు నేడు పెక్కూళ్లలో కలవు. ఉండదగినవే. ఐతే ఆ కంఠము ఎచ్చట చెక్కబడినదో ఎంతమంది యెఱుగుదురు? కృష్ణాజిల్లా చౌటపల్లెలో పుట్టిన ఆ బాలుడు సంగీతముకొఱకు విజయనగరము చేరి, వారములు చెప్పుకొని, మధుకరమెత్తి చదువుకొన్న సంగతి పలువురు విన్నదే. ఆయనకు గాత్రము నేర్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి (1900–1957), "సాలూరు చిన గురువుగారు" అని జనులు పిలుచుకొన్న మహానుభావుడు. ఆయన తండ్రి నరసింహశాస్త్రి పెద గురువుగారు. ఒక చిన్న యూరు తన సంగీతోపాధ్యాయులను తండ్రికి పెద గురువు, కొడుకునకు చిన గురువు అని యింటివారివలె పేరు పెట్టి పిలుచుకొన్నది. ఇంతకంటె గొప్ప బిరుదు ఏ సభ యిచ్చినది? చిన గురువుగారి కుమారుడు సంగీతరావు (1920–2021) ఘంటసాలకు హార్మోనియముతో దశాబ్దములు తోడై, వెంపటి చినసత్యము కూచిపూడి నృత్యనాటికలకు సంగీతము కూర్చి, నిండు నూఱేండ్లు జీవించి, కరోనా కాలమున కన్ను మూసెను. అదే సాలూరు చెంతనున్న శివరామపురమున పుట్టినవాడు సాలూరి రాజేశ్వరరావు (1922–1999). ఒక చిన్న యూరి చుట్టు నింతమంది!

ఇప్పుడు మా ప్రశ్న. ఒంటరి విగ్రహము నొకదానిని దారి ప్రక్క నిలిపి, "ఇతడు గొప్పవాడు" అని చెప్పుట వలన పిల్లవాడు నేర్చుకొను పాఠమేమి? గొప్పవారు ఆకసము నుండి యూడిపడుదు రనియే గదా! సంగీతమున నది శుద్ధ అబద్ధము. మన సంగీతము ఒక నోటి నుండి ఒక చెవికి, ఆ చెవి నుండి మఱియొక నోటికి సాగివచ్చినది. గురువు కూర్చున్నాడు, ఎదుట పిల్లవాడు కూర్చున్నాడు, నడుమ శ్రుతి యున్నది. చెక్కదలచినచో దీనిని చెక్కుడు. సాలూరి వీధిబడి గోడ మీద, అరుగున కూర్చున్న గురువును, ఎదుట ముడుచుకొని కూర్చున్న బాలుని రాతిలో నిలిపి, క్రింద మూడు తరముల పేర్లు వ్రాసినచో, ఆ గోడ ప్రక్కగా పోవు పిల్లవానికి "నేనును ఆ పిల్లవాని చోట కూర్చుండవచ్చును" అను తలంపు కలుగును. బంగారు రంగు పూసిన తలను చూచిన అది కలుగదు.

బొబ్బిలి యనగానే మనకు 1757 నాటి యుద్ధము, తాండ్రపాపయ్య కత్తియు గుర్తు వచ్చును. ఆ వీరుల యెడ మాకు భక్తి కలదు. ఐతే ఆ యూరి చెంత గొల్లపల్లిలో కత్తి పట్టక ఉలి పట్టిన యిండ్లు కలవు. సర్వసిద్ధివారను ఇంటి పేరుగల శిల్పులు తరతరములుగా అచ్చట వీణలు చేయుచున్నారు. పనసమ్రాను తెచ్చి, ఆరబెట్టి, ఒక్క దుంగ నుండియే కుండను, దండిని, యాళిముఖముతో సహా తొలిచి తీయుదురు. దానినే ఏకాండి వీణ యందురు. అతుకు లేదు గనుక నాదమున కడ్డు లేదు. ఇరువది నాలుగు మెట్లను మైనము మీద నొక్కొక్కటిగా స్వరము చూచి నిలుపవలెను. మెట్టు వెండ్రుకవాసి తప్పినను రాగము చెడును. కాబట్టి ఆ వడ్రంగి చెవి వైణికుని చెవికి తీసిపోదు. బొబ్బిలి వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. దొరలకు, మంత్రులకు కానుకలుగా చిన్న చిన్న బొమ్మవీణలు పోవుచున్నవి. అవి యద్దాల బీరువాలలో నుండును, మ్రోగవు. నిజమైన వీణ కొనువారు తగ్గినప్పుడు శిల్పికి బొమ్మవీణయే కూడు పెట్టుచున్నదని వినునప్పుడు మాకు గర్వము కలుగుట లేదు. వాయించినవానికి బిరుదు, శాలువ, విగ్రహము; చేసినవానికి కూలి. వైణికుని విగ్రహము చెక్కించువారు ఆ వీణ చేసినవాని పేరును కూడ పలక మీద నెక్కింపవలెనని మేము గట్టిగా కోరుచున్నాము. ఆ విగ్రహము లోని వీణకు ఎన్ని తంత్రులుండవలెనో కూడ గొల్లపల్లివారి నడుగుట మంచిది. నాలుగు వాయించు తంత్రులు, మూడు ప్రక్క తంత్రులు నని తెలియక ఐదు గీతలు గీసి విడిచిన సరస్వతీ విగ్రహములను మేము చూచియున్నాము. సరస్వతి క్షమించినది, ఆమెకు అలవాటే.

మంగళవాద్యము సంగతి చెప్పునప్పుడు మాకు కొంచెము కోపము వచ్చుట సహజము. తెలుగింట పెండ్లి గట్టిమేళము లేక జరుగునా? సన్నాయి మ్రోగనిదే దేవుడు మేలుకొనునా? ఐనను ఆ సన్నాయి ఊదువారిని మన మెచ్చట కూర్చుండబెట్టుచున్నాము? పందిరి చివర. ఎప్పుడు భోజనము పెట్టుచున్నాము? అందఱును లేచిన తరువాత. తెల్లవారుజామున భూపాలము, సాయంకాలము పూరీకల్యాణి, ముహూర్తమున నాట, వీధి మలుపున పల్లవి వాయించు మనిషికి రాగజ్ఞాన మెంత యున్నదో ఎదుట కూర్చున్న మనకు తెలియదు, తెలిసికొనవలెనని తోచదు. క్షురకవృత్తి యిండ్లలో పుట్టినందున వారి విద్య విద్యగా లెక్కకు రాకపోయినది. మఱియొక వైపున గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ముసల్మాను కుటుంబములు తరతరములుగా హిందూ దేవాలయములలో నాగస్వరము వాయించుచున్నవి. ఒంగోలు ప్రాంతమందలి కరవది గ్రామమున పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) తంజావూరు బాణిని సాధించి, కావేరీ తీరమున శ్రీరంగమున స్థిరపడి, ద్రావిడ దేశపు నాగస్వర విద్వాంసుల చేతనే శభాష్ అనిపించుకొనెను. 1977లో పద్మశ్రీయు, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమును ఆయనకు వచ్చెను. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుబానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చినది, వారును శ్రీరంగవాసులే. స్త్రీ నాగస్వర మూదుటయే అరుదు. ముసల్మాను స్త్రీ గుడిలో ఊదుట ఇంకను అరుదు. ఈ వింత మన నేల మీద పుట్టినది. పెరుగుటకు మాత్రము పొరుగు నేలకు పోవలసివచ్చినది. పోయినవారిని తప్పుపట్టువారము కాము. పోనిచ్చిన యూళ్లను ప్రశ్నించుచున్నాము. విగ్రహము ఊరు విడిచి పేరు తెచ్చుకొన్నవానికే గాని, ఊరిలోనే యుండి ప్రతి పెండ్లికి, ప్రతి రథోత్సవమునకు నలుబదేండ్లు వాయించినవానికి కాకుండుట ఏమి న్యాయము?

ఇక స్త్రీల మాట. సంస్కారపక్షపు పత్రికలో ఈ మాట చెప్పుట కొందఱికి రుచింపకపోవచ్చును. ఐనను చెప్పక తీరదు. భోగము మేళములను మాన్పింపవలెనని మదరాసు సంస్కర్తలు 1893లో రాజప్రతినిధికి విన్నపములు చేసిరి. బాలికలను దేవునికి ముడుపు గట్టు నాచారమును 1947లో మదరాసు ప్రభుత్వము చట్టముచేత నిషేధించెను. ఆ యాచారము పోవుట మంచిదే. ఎనిమిదేండ్ల పిల్లకు వేదికయెదుట తాళి కట్టి, ఆమె బ్రతుకును ధనికుల పాలు చేయుటను సమర్థించువాడు మనుష్యుడు కాడు. కాని దురాచారముతో పాటు ఆ స్త్రీల విద్యను కూడ వీధిలో పాఱవేసిన వా రెవరు? క్షేత్రయ్య పదములు మనకు దక్కినవన్న, గ్రంథముల వలన దక్కిన దెంత, ఆ కలవంతుల గొంతుల వలనను ముఖాభినయముల వలనను దక్కిన దెంత? పదములు వారివద్ద నేర్చి, సభలలో పాడి, నేర్పినవారి పేరు మాత్రము చెప్పుటకు సిగ్గుపడిన పెద్దమనుష్యులు మన దేశమున తక్కువ లేరు. నటరాజ రామకృష్ణ (1923–2011) వంటివాడొకడు గోదావరి తీరపు ముసలి కలవంతులను వెదకికొని పోయి, వారి యెదుట కూర్చుండి నేర్చి, ఆంధ్రనాట్యమును మరల రంగమెక్కించెను. మువ్వ గ్రామముపేర క్షేత్రయ్యను తలచువారు, ఆయన పదములను నాలుకపై నిలిపిన స్త్రీలలో ఒక్కతె పేరైనను తలచుచున్నారా?

ఈ విషయమున తెలుగువారందఱును ఎఱుగవలసిన కథ యొకటి కలదు. త్యాగరాజస్వామి తిరువైయారున 1847లో సిద్ధిపొందెను. కావేరి గట్టున ఆయన సమాధి శిథిలమై, పొదలు పెరిగి, శిష్యులు 1903లో కొంత బాగుచేసినను మరల పాడుపడెను. ఆ సంగతి 1921లో బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) చెవిని పడెను. ఆమె దేవదాసీ కులమున పుట్టిన గాయిక. ఆమె తిరువైయారు వచ్చి చూచి, నగలమ్మి, తాను పాడి కూడబెట్టిన సొమ్ము పెట్టి, భూమి కొని, గుడి కట్టించి, 1925లో ప్రతిష్ఠ చేయించెను. త్యాగరాజును తమ సొత్తనుకొన్న భాగవతులు అప్పటికే రెండు కక్షలై ఆరాధనలు వేఱువేఱుగా జరుపుకొనుచుండిరి. వారిలో వారి కెంత కలహమున్నను, సన్నిధిని స్త్రీలు పాడరాదను నొక్క విషయమున మాత్రము ఏకాభిప్రాయులై యుండిరి! తన సొమ్ముతో కట్టిన గుడిలో తానే పాడరాదనిన నాగరత్నమ్మ ఊరకుండెనా? స్త్రీలనందఱిని కూడగట్టి మూడవ కక్ష నేర్పఱచి ఆరాధనము చేసెను. కడకు 1940 ప్రాంతమున అన్ని కక్షలును కలిసిపోయినవి. ఆమె ఆ యూరనే యుండి తన యాస్తిని సన్నిధికే యిచ్చి కన్ను మూసెను. నేడు త్యాగరాజ సమాధి కెదురుగా చేతులు జోడించి కూర్చున్న ఆమె విగ్రహమును ఎవరైనను పోయి చూడవచ్చును. (ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో చక్కగా అచ్చొత్తించినదియు ఈమెయే, మఱుసటి సంవత్సరమే దొరలు దానిని నిషేధించిరి. మనవారిలో కొందఱు దొరలకంటె ముందే నిషేధించిరి.)

మేము ఈ కథను వివరముగా చెప్పుటకు హేతువున్నది. దేశమున సంగీతజ్ఞుల స్మారకములలో నిజముగా బ్రతికియున్నదేదన, తిరువైయారే. అక్కడ ప్రతి పుష్యబహుళ పంచమికి వందలమంది నేల మీద కూర్చుండి పంచరత్నములను ఏకకంఠముగా పాడుదురు. దాని నిలబెట్టినది మునిసిపాలిటీ కాదు, మంత్రి కాదు, ఒక గాయిక. రెండవది, కట్టినవారి విగ్రహము కట్టబడినదానికి ఎదురుగా, క్రింద, చేతులు జోడించి యున్నది. మన పలకల మీద చందాదారులు ఎచ్చట నుందురో పైన చెప్పియున్నాము. మూడవది, అచ్చట రాయి కంటె పాట ముందు. ఆరాధనము మానివేసిన నాడు ఆ సమాధి మరల పొదల పాలగును. ఆ సంగతి ఆ యూరివా రెఱుగుదురు.

అట్లయిన మన చిన్న యూరు ఏమి చేయవలెనని యడుగుదురు. విగ్రహము నడివీధిని నిలుపుట మానుడు. ఇది మా యిష్టము మాత్రమే కాదు. రహదారుల మీద, కాలిబాటల మీద, ప్రజోపయోగ స్థలములలో విగ్రహముల కనుమతి నీయరాదని 2013 జనవరి 18వ తేదీన సుప్రీంకోర్టు రాష్ట్రముల నాజ్ఞాపించియున్నది. ఆ యాజ్ఞ యెట్లు పాటింపబడుచున్నదో ఏ కూడలిని చూచినను తెలియును. లారీల రొదలో, పొగలో సంగీతజ్ఞుని నిలుపుట గౌరవమెట్లగునో మాకు బోధపడదు. గ్రంథాలయపు ముంగిట, బడి ప్రహరిలో, చెఱువుగట్టున, కోనేటి మెట్ల చెంత చోటు చూడుడు. అచ్చట ముందుగా ఒక అరుగు కట్టుడు. పదిమంది కూర్చుండగల అరుగు, పైన నీడ. ఆ అరుగు గోడ మీద చెక్కుడు చేయింపుడు. సిమెంటును విడిచి ఆళ్లగడ్డ శిల్పులను, పల్నాటి దుర్గి శిల్పులను పిలువుడు. కంచుపని కావలసిన శ్రీకాకుళపు బుడితివారున్నారు. సంగీతమును గౌరవించుటకై ఆ శిల్పులకు కూలి దొరకినచో ఒక కళ మఱియొక కళకు అన్నము పెట్టినట్లగును. పలక మీద గురువు పేరు, శిష్యుల పేర్లు, వాద్యము చేసినవాని పేరు, ఆ విద్వాంసునకు ఇష్టమైన రాగముల పేర్లు వ్రాయింపుడు. చందాదారుల పేర్లు లెక్కల పుస్తకములో నుండనిండు. అది వానికి తగిన చోటు. నెలకొక సాయంకాలము ఆ అరుగు మీద ఊరి పిల్లలెవరైనను పాడవచ్చునని ప్రకటింపుడు. లౌడుస్పీకరు వలదు. చెవి దగ్గఱకు రానివానికి సంగీతము వినిపించుట దేవుని తరము కాదు.

దీనికి చెప్పబడు ఆక్షేపణలు మేము ఎఱుగనివి కావు. డబ్బు లేదందురు. ఆవిష్కరణ సభ పందిరికి, ఫ్లెక్సీలకు, పూలదండలకు, భోజనములకు అగు వ్యయమును ముందు లెక్కించి, పిదప అరుగునకు లేదని చెప్పుడు. త్యాగరాజునకు విగ్రహమెందుకు, కీర్తనయే విగ్రహము గదా యని పండితులు కొందఱందురు. పాడువారున్న యింట అది సత్యము. కీర్తన వినబడని వీధిలో పుట్టిన పిల్లవానికి, ఇట్టిదొకటి కలదని చెప్పునదేదో ఒకటి కంటి కెదుట నుండవలెను. కులసంఘములు విగ్రహమును చేజిక్కించుకొని, మావాడు మావాడని పోరాడుననియు కొందఱు భయపడుచున్నారు. ఈ భయము నిష్కారణము కాదు. ఒక్కని తలనే నిలిపినచో ఆ తల ఏదో యొక కులమునకు చెందియే తీఱును. గురువు నొక చోట, వడ్రంగిని వాని ప్రక్క, సన్నాయివానిని, పదము పాడిన స్త్రీని ఒక్క గోడ మీదనే చెక్కినచో, ఏ సంఘమువాడు ఆ గోడను మోసికొని పోగలడు?

కష్టమైన ఆక్షేపణ వేఱొకటి కలదు. దానిని ఎవరును బయటికి చెప్పరు. నాగస్వరము వాయించిన ముసల్మాను పెద్దకు రూపము చెక్కుట ఆయన యింటివారికి మతరీత్యా సమ్మతము కాకపోవచ్చును. అట్లయిన వాద్యమును, పేరును చెక్కింపుడు, అది చాలును. కలవంతులలో పుట్టిన గాయిక మనుమలు, మనుమరాండ్రు నేడు ఉద్యోగములలో, వ్యాపారములలో స్థిరపడి, అవ్వ పేరు నలుగురిలో పలుకుట కిష్టపడకపోవచ్చును. వారి మీద మనకు కోపము తగదు. దాచుకొనునట్లు చేసినది మనమే, ఈ యూరే. వారి యింటికి పోయి అడుగుడు. సంఘాధ్యక్షుడు పోవలదు, ఇంటి ఆడువారు ఇంటి ఆడువారితో మాటాడుట మేలు. సమ్మతించినచో ఆమె పేరును పురుషుల పేర్ల సరసన, అవే యక్షరములతో వ్రాయింపుడు. వలదన్నచో ఆ వరుసలో ఒక్క పలకను పేరు లేకుండ నునుపుగా విడిచి పెట్టుడు. పిల్లలు ఆ పలక మీద ఏమియు లేదేమని తప్పక అడుగుదురు. వారికి జవాబు చెప్పుట బడిపంతుళ్ల పని. దానిని మేము చేయుదుము.